పులికాట్‌లో రెండు లెక్కలు

నా భార్య పక్షుల నోటు పుస్తకంలో చివరి వరుస ఖాళీగా ఉండిపోయింది. ఆమె లెక్కల టీచరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల చెరువుల్లో ఇరవై ఏళ్లుగా మేం చూసిన పక్షులన్నీ అందులో ఉన్నాయి. ప్రతి పక్షికీ రెండు గడులు: ఒకటి ఆమె లెక్క, ఒకటి నాది. రాయడం అయ్యేదాకా ఒకరి సంఖ్య ఒకరికి చెప్పకూడదు. ఒక్క లెక్కే ఉంటే ఆ వరుస కొట్టేసేది. ‘ఫ్లెమింగో, పులికాట్’ అని ముందే రాసిపెట్టుకుంది. వచ్చే చలికాలం వెళ్దామని వాయిదా వేసింది నేనే. ఆ చలికాలానికి ఆమె లేదు. ఈ జనవరిలో ఆ పుస్తకం, కెమెరా, బైనాక్యులర్స్ తీసుకుని ఆ వరుస నింపడానికి బయల్దేరాను.

ఉదయం నాలుగున్నరకు మదనపల్లె నుంచి కారు. రానుపోను ఆరున్నర వేలకు మాట్లాడుకున్నాను. డ్రైవర్ మస్తాన్‌ది పుంగనూరు. కారు కొనకముందు పదేళ్లు టమోటా మార్కెట్లో పనిచేశాడట. లోడు లారీని చూసి ఎన్ని పెట్టెలో కిందనుంచే చెప్పేవాడట. వాయల్పాడు, పీలేరు దాటేదాకా మంచు. శ్రీకాళహస్తిలో ఇడ్లీ తింటుండగా, ఇంత దూరం ఎందుకని అడిగాడు. పుస్తకం సంగతి చెప్పాను.

“పిట్టల్ని సూసేదానికి ఆరున్నర వేలా సార్? ఆ దుడ్డుకు నాటుకోళ్లు కొనింటే నెలంతా సూసుకోవచ్చు. కడాకు కూర గూడా సేసుకోవచ్చు.”

నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు వైపులా నీళ్లు. మొదట తెల్లటి గీతలా కనిపించింది. బైనాక్యులర్స్‌లో ఆ గీతకు మెడలు వచ్చాయి. ఫ్లెమింగోలు తలను తలకిందులుగా నీళ్లలో ముంచి తింటాయని చదివాను. కాళ్లతో బురద తొక్కుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయని మాత్రం తెలియదు. గానుగెద్దులా ఒక్కొక్కటీ తన చుట్టూ తాను తిరుగుతోంది. గులాబీ రంగు ఎక్కడుందా అని వెతుకుతుంటే ఒకటి రెక్క విప్పింది. రంగంతా లోపల దాచుకుంది.

నా లెన్సుకు అవి చిన్నవిగా పడుతున్నాయి. రోడ్డు పక్కన నేల ఎండి నెర్రెలిచ్చి ఉంది. మా సీమలో చెరువు నెర్రెలిచ్చిందంటే ట్రాక్టరు కూడా తోలుకుపోవచ్చు. ఆ ధైర్యంతోనే దిగాను. నలభై అడుగులు బాగానే నడిచాను. తర్వాతి అడుగుకు ఎడమ కాలు మోకాలి దాకా దిగబడింది. కెమెరా పైకెత్తి పట్టుకున్నాను. గుంపంతా ఒక్కసారిగా లేచి, ఎర్రగా మారి, దూరంగా వెళ్లిపోయింది. మస్తాన్ వచ్చి లాగాడు. నా చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. సైకిల్ మీద వలతో పోతున్న ఒక పెద్దాయన ఆగి, మాది ఏ ఊరని అడిగాడు.

“మదనపల్లా? ఇది మీ చెరువు కాదయ్యా. పైన పొర, కింద అడుసు. ఎండింది గదా అని నమ్మి దిగితే ఎట్టా?”

ఒక్క పక్షినీ లెక్కపెట్టలేదు. ఇంక రావేమోనని అడిగాను. రోడ్డు మీదే కదలకుండా ఉంటే, ఎండ తగ్గాక మేతకు వస్తాయన్నాడు. సూళ్లూరుపేటలో చేపల పులుసుతో భోజనం చేసి, కొత్త చెప్పులు కొనుక్కుని, మూడింటికి తిరిగొచ్చాం. వచ్చాయి. వెలుగు ఇప్పుడు మా వెనక నుంచి పడుతోంది. కారు పక్కనే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టి నా గడిలో రాశాను. చెయ్యి అడ్డం పెట్టి, మస్తాన్‌ను కూడా లెక్కపెట్టమన్నాను.

అతను ఒక కన్ను మూశాడు. రెండు వేళ్ల మధ్య పది పక్షుల్ని పట్టాడు. ఆ పదిని గుంపు పొడవునా జరుపుతూ పోయాడు, లారీ మీద పెట్టెలు ఎంచినట్టే. నోరు తెరవబోతుంటే ఆపి పెన్ను ఇచ్చాను. పుస్తకం చూసి వెనక్కి తగ్గాడు.

“ఇది అమ్మ గడి గదా సార్. నేను రాయొచ్చునా?”

“ఒక్క లెక్కే ఉంటే ఆమె కొట్టేస్తుంది.”

బానెట్ మీద పెట్టుకుని నిదానంగా రాశాడు. 330. నాది 318.

“పన్నెండు తేడా వస్తాండాది సార్. లారీ అయింటే నా కూలి పోయిండేది. మళ్లా ఎంచుదామా?”

వద్దన్నాను. ఆమెకూ నాకూ ఎప్పుడూ ఇంతకంటే ఎక్కువే తేడా వచ్చేది. ఆ సంఖ్య పక్కన చిన్నగా ‘మ’ అని రాసి పుస్తకం మూశాను.

నాలుగు వందల ఫొటోల్లో మూడు బాగా వచ్చాయి. వాటిలో పక్షులు నిలబడి ఉన్నాయి, అంతే. ఆ గుండ్రంగా తిరగడం ఫొటోల్లోకి రాలేదు. ఆమె కెమెరా ముట్టుకునేది కాదు. ఫొటో తీసినవాడు ఇంటికెళ్లి చూద్దామనుకుంటాడు, లెక్కపెట్టేవాడు అక్కడే చూడాలి అనేది. ఇరవై ఏళ్లు నవ్వి ఊరుకున్నాను.

వెళ్లాలనుకునేవారికి ఒక్కటే చెబుతాను. ఫ్లెమింగోలు సాధారణంగా ఫిబ్రవరి దాకా ఉంటాయి. ఈ చలికాలమే వెళ్లండి.