టీచరుగారి యూరియా

బంటుమిల్లి కాలవ గట్ల మీద నివ్వరి నా భుజాల దాకా పెరుగుతుంది. అదే నివ్వరి దివిసీమలో, సముద్రం దగ్గరపడేకొద్దీ, మోకాలు దాటదు. ఎవరూ నాటని, ఎవరికీ అక్కర్లేని ఈ అడవి వరి మీద నేను నాలుగేళ్లు పరిశోధన చేశాను. పొట్టితనం విత్తనంలో ఉందా, ఉప్పునేలలో ఉందా అన్నది నా ప్రశ్న. మా గైడుగారికి అది ప్రశ్నే కాదు. "విత్తనంలోనే ఉందమ్మా, నువ్వు నిరూపిస్తే చాలు" అని మొదటిరోజే సెలవిచ్చారు.

బంటుమిల్లిలో గింజలు ఏరుతుంటే ఒక రైతు చాలాసేపు చూసి, "దీన్ని మేం కూలిచ్చి పీకిస్తన్నామండీ. ముందే చెప్పుంటే మొత్తం మీకే వదిలేసేవాళ్లం గదా" అన్నారు. సైన్సుకి ప్రజల్లో అంత ఆదరణ.

గుడివాడలో నేను అద్దెకున్న ఇంటి డాబా మీద, రెండుచోట్ల గింజల్నీ ఖాళీ పెయింటు బకెట్లలో వేశాను. ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే ఎండ. పెంపకం ఒకటే అయినా తేడా మిగిలిందంటే అది పుట్టుకతో వచ్చిందన్నమాట. కింది వాటాలో ఉండే ఇంటావిడ రిటైరైన లెక్కల టీచరు. శని, ఆదివారాల్లో నేను ఊళ్లో లేనప్పుడు నీళ్లు పోసే పని తనే అడిగి తీసుకున్నారు.

వెన్నులు వేసేనాటికి మొక్కలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తుకి వచ్చేశాయి. నమ్మలేక మూడుసార్లు కొలిచాను. ఫోన్ చేసి చెప్తే గైడుగారు, "నేను మొదట్నుంచీ చెప్తున్నది అదేగా! అంతా నేల మహిమ" అన్నారు. నెల తిరక్కుండా బందరులో జరిగిన ఒక సెమినారులో నా బకెట్ల ఫోటోలు తెర మీద వేసి అరగంట మాట్లాడారు. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ సంతోషంలో బందరు లడ్డు కొనుక్కొచ్చి టీచరుగారికిచ్చి, సంగతి చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"చూశావా! ఆ పొట్టివాటిని అలా వదిలేసుంటే ఏమయ్యేవి?"

"వదల్లేదా? ఏం చేశారు టీచరుగారూ?"

"ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే వాటికి మాత్రం చిటికెడు యూరియా వేసేదాన్ని. ఎదిగినవాటికి దేనికమ్మా? నా సర్వీసులో వెనకబడ్డ పిల్లల్ని ఒక్కర్ని వదల్లేదు నేను."

కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లెక్కి చేసిన సేవ మరి! పైగా ఆ డాబా మీద ఏం చేస్తున్నానో ఆవిడకి ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు నేను. నీళ్లు పోసే మనిషికి సైన్సెందుకనుకున్న మేధావిని.

గైడుగారికి నిజం చెప్తే ఆయన వేసిన మొదటి ప్రశ్న: "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

థీసిస్‌లో ఆ ఫలితం రాయనన్నాను. రెండు వారాలు ఆయన నా ఫోన్ ఎత్తలేదు.

మరుసటి ఏడు మళ్లీ గింజలు వేశాను. ఈసారి టీచరుగారిని పైకి తీసుకెళ్లి, కుర్చీ వేసి, అంతా వివరించాను. శ్రద్ధగా విని, "అంటే పొట్టివాళ్లని పొట్టిగానే ఉంచడం నీ చదువన్నమాట" అన్నారు. యూరియా ముట్టనని మాటిచ్చారు గాని, పంట కోసేదాకా నాతో ముభావంగానే ఉన్నారు.

దివిసీమ మొక్కలు పొట్టిగానే వచ్చాయి, సొంత ఊళ్లో ఉన్నంత పొట్టిగా మాత్రం కాదు. కొంత విత్తనం, కొంత నేల. గైడుగారు పేజీలు తిరగేసి, "ఇందులో కొత్తేముందమ్మా?" అంటూ సంతకం పెట్టేశారు. కొత్తేమీ లేదు. కాకపోతే అది నిజం. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది.