ఆఖరి బంతి మనుషులు

టెలిఫోను తీగల మీద కంప్యూటర్లు కీచుకీచుమంటూ ఒకదాన్నొకటి పలకరించుకునే రోజులవి. ఆ కీచులాట ఆగి కనెక్షన్ దొరికితే మాకు దేవుడు కనబడినంత సంబరం. కోరాపుట్ దగ్గర ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో, కంప్యూటర్ గదిలో కొత్తగా చేరాను. (మా అమ్మ నన్ను పెద్ద ఇంజనీరని చెప్పుకునేది. నిజానికి సగం రోజు తీగలకు పట్టిన దుమ్ము దులపడంతోనే గడిచేది.) రాయగడ, మునిగుడ, పొట్టంగిల్లోని మా చిన్న ఆఫీసులు సాయంత్రమయ్యేసరికి ఫోను ద్వారా మా పెద్ద కంప్యూటర్‌లోకి వచ్చి ఆ రోజు సరుకు వివరాలు పంపాలి. ఉన్నవి రెండు లైన్లు. అందరూ ఒకేసారి ఎగబడేవారు, ఎవరి పనీ జరిగేది కాదు.

మా పెద్దసారు ఒడియా ఆయన, తెలుగువాళ్ళ మధ్య ఉండి ఉండి తెలుగు పట్టుబడినవారు. "మనుషుల్ని గుంపులు చెయ్యి, వాళ్ళ కంప్యూటర్లనీ గుంపులు చెయ్యి. ఏ గుంపు మనిషి ఏ గుంపు కంప్యూటర్ నుంచి ఏ వేళకి లోపలికి రావచ్చో నువ్వే పెట్టు" అన్నారు.

మనుషుల్ని గుంపులు చెయ్యడం నాకు తెలిసింది పెళ్ళిళ్ళలోనే. రాయగడలో మాది టోకు కిరాణా కుటుంబం. బంధువుల ఇంట పెళ్ళయితే భోజనాల బంతులు కూర్చోబెట్టే పని నా మీదే పడేది. పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు మొదటి బంతి, దగ్గరి చుట్టాలు రెండో బంతి, అందరూ తిని లేచాక ఇంటివాళ్ళు ఆఖరి బంతి. కంప్యూటర్‌లోనూ అదే పద్ధతి పెట్టాను. పొట్టంగి, మునిగుడ మొదటి బంతి. మా ఊరి ఆఫీసు గనక రాయగడ రెండో బంతి. ఆఖరి బంతిలో నన్ను వేసుకున్నాను. అక్కడితో నా చెయ్యి ఆగలేదు. రాయగడ ఆఫీసులో పనిచేసే అమ్మాయిని, ఆమె కంప్యూటర్‌ని కూడా తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. (ఆమెను చూసింది ఒకటి రెండుసార్లు. ఫోనులో ఆమె గొంతు విన్న రోజు మాత్రం నాకు ఆకలి ఉండేది కాదు.) ఎంత సహజంగా చేశానంటే, ఎందుకు చేశానని నన్ను నేను అడుక్కోనేలేదు.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. పెద్దసారు స్పీకర్ నొక్కారు. రాయగడ అమ్మాయి గొంతు.

"ఏటండి ఇది? ఎన్నిసార్లు కొట్టినా నన్ను లోనికి రానీడం లేదు. పక్కాయన కంప్యూటర్ మీద కూడా సూసేను, అక్కడా అంతే. ఇది పంపకండా కదలడానికి లేదు. అవతల మా ఊరు బంధుగాం ఆఖరి బస్సు ఎల్లిపోతాది. ఇంటికాడ మామ్మ ఒక్కర్తే ఉంటాది."

ఆఖరి బంతికి ఇంకా వేళ కాలేదు; పక్కాయనదేమో రెండో బంతి, మనిషిది ఒక బంతి, కంప్యూటర్‌ది ఇంకో బంతి అయితే తలుపు తెరుచుకోదు మరి. అంత గట్టిగా బిగించిన ఘనుణ్ణి నేనే. పెద్దసారు నా తెర మీదకు వంగి గుంపుల పేర్లు చదివి, "ఈ బంతులేమిటి బాబూ?" అన్నారు. పెళ్ళి భోజనాల సంగతి నసుగుతూ చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"బాగుంది. రాయగడ వాళ్ళంతా రెండో బంతిలో ఉన్నారు. ఈ అమ్మాయి ఒక్కతే మీ ఇంటివాళ్ళల్లో ఎప్పుడు కలిసింది?"

స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉందన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది. నాకు చెవులు కాలిపోయాయి. రేపటినుంచి ఆ గొంతు నాతో మాట్లాడుతుందా అన్నదే నా భయం.

"ముందు బస్సు దొరికేటట్టు సూడండి" అంది మెల్లగా.

ఆమెను, ఆమె కంప్యూటర్‌ని మొదటి బంతికి మార్చాను. మోడెమ్ కీచుమంది, లైను కలిసింది, వివరాలు వచ్చాయి. ఆ వెంటనే ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు పెద్దసారు టీకి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. (ఆయన టీ వేళ రాయగడ దాకా అందరికీ తెలుసు.)

"నిన్న బస్సు దొరికిందండి" అంది. "మరి నన్ను ఇంటోల్లలోంచి తీసేసేరేటండి?"

నేనేం జవాబు చెప్పానో నాకు గుర్తులేదు. మోడెమ్ గురించి ఏదో చెప్పానని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది. మా ఇంటికి చుట్టాలొస్తే, అందరూ తిని లేచాక మేమిద్దరం గిన్నెలు ముందేసుకుని కూర్చుంటాం. అప్పటికి కూర అయిపోయి ఉంటుంది. మిగిలిన చారు ముందు నా కంచంలోనే పోస్తుంది. ఆ వేళ కంప్యూటర్ గదిలోని ఆ కుర్రాడు గుర్తొస్తాడు, తనకే తెలియకుండా ఆమెకు తన పక్కన విస్తరి వేసినవాడు. వాడంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.