అందరికంటే వెనక వచ్చే మావయ్య

నిన్న కౌంటర్ దగ్గరికి వచ్చిన ఓ పెద్దాయన నుంచి నొప్పుల తైలం వాసన గుప్పుమంది. ఆయన పాసుపుస్తకం అందుకుంటూ ఆ వాసనను గుర్తుపట్టాను. అప్పలస్వామి మావయ్య పొద్దున్నే మోకాళ్ళకు అదే తైలం రాసుకుని వచ్చేవాడు.

చీపురుపల్లి బ్యాంకుకు బదిలీ అయిన కొత్తలో నన్ను పలకరించే మనిషి లేదు. తెల్లవారాక రాజాం రోడ్డు మీద పరిగెత్తే ఏడెనిమిది మంది వెనక సిగ్గుపడుతూ చేరాను. వాళ్ళలో పెద్దవాడైన అప్పలస్వామిని అందరూ మావయ్య అనేవారు; రైల్వేలో పట్టాల పని చూసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అందరికంటే బాగా పరిగెత్తగలిగీ అందరికంటే వెనక వచ్చేవాడు. నేను ఆయాసంతో ఆగిపోతే తనూ ఆగి, "కంగారేటమ్మా? రోడ్డు పారిపోతాదేటి? మెల్లగా రా" అనేవాడు. చివరి మనిషి వచ్చేదాకా టీకొట్టు దగ్గర ఎవరూ గ్లాసు ముట్టకూడదని ఆయన పెట్టిన నియమం. చాలాకాలం ఆ చివరి మనిషిని నేనే. నా కోసం ఎదురుచూసే ఆ మొహాలను చూస్తే ఏడుపొచ్చేది, సంతోషంతోనే.

తర్వాత మాకు పరుగు లెక్కపెట్టే వాచీల పిచ్చి పట్టుకుంది. ఎవరెంత వేగమన్నదే కబురు. ఈలోగా మోకాలు వాచి మావయ్య రెండు నెలలు ఇల్లు కదల్లేదు. తిరిగొచ్చిన రోజు నిజంగానే ఆయన వెనకబడ్డాడు. టీకొట్టు దగ్గర కాసేపు ఆయన కోసం చూశాం. "ఆలీసమైపోతన్నాది, తాగీద్దాం" అన్నారెవరో. నేనూ తాగేశాను. బండి మీద ఇంటికి వెళ్తుంటే కుంటుతూ ఎదురొచ్చాడు.

"అందరూ ఎలిపోనారేటమ్మా?"

"అవును మావయ్యా. ఆఫీసు టైమైపోయింది."

"మంచిదే. ఎల్లు మరి."

మర్నాటి నుంచి రాలేదు. ఆయన రాకపోయేసరికి ఒక్కొక్కరే మానేశారు. కొత్తవలసలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. రైలెక్కితే ఎంతో దూరం లేదు. అయినా ఒక్క ఆదివారమూ వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

పోయాడని తెలిశాక వెళ్ళాను. ఫలానా అని చెప్పగానే ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"బేంకమ్మవి నువ్వేనా? నాన్న సెప్పీవోడు. ఎవులెలిపోనా ఆ బేంకమ్మ మాత్రం నాకోసం ఆగీదని."

ఆ రోజు ఆగలేదని చెప్పకుండానే వచ్చేశాను. రాజాం రోడ్డు మీద ఇప్పుడు ఒక్కదాన్నే పరిగెడుతున్నాను, నాది కాని ఆ మెప్పును మోసుకుంటూ.