హాజరు పడితే బాగున్నట్టే

కరోనా రెండో ఏడు ఎండాకాలమంతా నేను ఖాళీ బెంచీలకు పాఠం చెప్పాను. ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న మా యూనివర్సిటీలో పిల్లలను ఇళ్లకు పంపేసి, లెక్చరర్లను మాత్రం రోజూ రమ్మన్నారు. ఇంట్లోంచి చెప్తే మేము మధ్యలో వంట చేసుకుంటామట. హయత్‌నగర్‌లో బస్సెక్కించి సీటు వదిలి సీటు కూర్చోబెట్టేవాళ్లు. గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి జ్వరం చూసే గన్ను పెట్టేవాడు. ఎండలో నడిచొచ్చిన నాకూ, ఏసీ కారు దిగిన మా పెద్దసారుకూ అది ఒకటే అంకె చూపించేది. దాన్ని ఎవరూ నమ్మలేదు, అయినా అందరం నుదురు చాపేవాళ్లం.

నేను ల్యాప్‌టాప్ ముందు నిలబడి బోర్డు మీద సర్క్యూట్లు గీసేదాన్ని. తెర మీద పేర్లే తప్ప ముఖాలు ఉండేవి కావు. డేటా అయిపోతుందని అందరూ కెమెరాలు కట్టేసేవాళ్లు. జోకు వేస్తే నవ్వు వినపడదు, తిడితే ఉలుకూ పలుకూ ఉండదు. రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే పాఠం ఆపి, ఎటు పోతోందా అని చెవి అటే వేసేదాన్ని. కొన్నాళ్లకు ఆ గదిలోకి ఒక్కదాన్నే వెళ్లాలంటే భయం వేసేది.

క్యాంపస్‌లో మిగిలింది కొందరు ఫైనలియర్ పిల్లలే. ల్యాబుల కోసం పిలిపిస్తే పాజిటివ్ వచ్చినవాళ్లు. వాళ్లను హాస్టల్ వెనక బ్లాకులో గదికొకరిని పెట్టారు. ఆ గదుల వైపు వెళ్లాలంటే వార్డెన్‌కు భయం. అందుకని మా పెద్దలు మీటింగు పెట్టి ఒక పద్ధతి కనిపెట్టారు. పొద్దున ఆన్‌లైన్ క్లాసులో హాజరు పడితే ఆ పిల్లాడు బాగున్నట్టే. హాజరు పడనివాడి తలుపు మాత్రం వార్డెన్ వెళ్లి కొట్టాలి. భోజనం పొట్లాలు మెట్ల దగ్గర బల్ల మీద పెడితే ఎవరిది వాళ్లు తీసుకోవాలి. చదువుకు చదువు, కాపలాకు కాపలా అని పెద్దసారు మురిసిపోయారు. ఈ లెక్క పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ మహానుభావులు ఒక సంగతి మరిచిపోయారు. మా పిల్లలు ప్రాక్సీలు వేస్తారు. ఒకడు రాకపోతే ఇంకొకడు గొంతు మార్చి 'ప్రజెంట్ మేడమ్' అనడం ఎక్కడైనా ఉన్నదే, మా దగ్గర మాత్రం ప్రాక్సీ వేయనివాడు అసలు దోస్తే కాదు. క్లాసులో అయితే గొంతును బట్టి దొరకబుచ్చుకునేదాన్ని. తెర మీద ఏం పట్టుకుంటాను? పాస్‌వర్డు చెప్పుకుంటే సరిపోయె.

ఒక రోజు హాజరు పడిన కాసేపటికి హాస్టల్లో కరెంటు పోయింది. జనరేటరు క్లాసుల బ్లాకుకే ఉంది. వైఫై ఆగిపోయి, వెనక బ్లాకు పిల్లల పేర్లు ఒక్కొక్కటే తెర మీంచి పోయాయి. ఒక్క పేరు మాత్రం పోలేదు. అది ఇబ్రహీంపట్నం చెరువు పక్క ఊరి పిల్లాడిది, చేపలు పట్టే ఇంటివాడు. మామూలు రోజుల్లో మొదటి బెంచీలో కూర్చుని అడ్డదిడ్డమైన ప్రశ్నలతో నా ప్రాణం తీసేవాడు. ఇంట్లో ముసలి నానమ్మకు అంటుకుంటుందని, ఊరు అంత దగ్గరున్నా పోకుండా బ్లాకులోనే ఉండిపోయాడు.

"నీకెట్లా వస్తోందిరా నెట్? మైక్ ఆన్ చెయ్" అన్నాను. చప్పుడు లేదు. మళ్లీ అడిగాను, లేదు. ఒళ్లు మండి కేకేశాను. అప్పుడు మైకు తెరుచుకుంది. కానీ వినపడింది వాడి గొంతు కాదు, ఆదిభట్లలో ఇంట్లో ఉన్న వాడి దోస్తుది.

"నేను మేడమ్. వానిది గూడ నేనే పెడుతున్న. చాతనైతలేదు, జర పండుకుంటా, అటెండెన్స్ ఏసెయ్‌రా అన్నడు."

"వాడితో మాట్లాడావా?"

"మొన్న మాట్లాడిన. దమ్మొస్తున్నది, ఊపిరాడతలేదన్నడు. గప్పటి సంది ఫోన్ ఎత్తుతలేడు. పండుకున్నడేమో అనుకున్న."

క్లాసు అట్లాగే వదిలేసి హాస్టల్‌కు పరుగెత్తాను. వార్డెన్ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"వాడా? మంచిగనే ఉన్నడు మేడమ్. ఇయ్యాల గూడ క్లాసుకొచ్చిండు గద" అన్నాడు.

బల్ల మీద పొట్లాలు మిగిలి ఉన్నాయి. అవేమిటని అడిగితే, "నోరు సప్పగుంటది గద, తింటలేరు" అన్నాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

తలుపు ఎంత కొట్టినా పలుకు లేదు. గడియ ఊడేదాకా ఇద్దరం తన్నాం. వాడు గోడకు ఆనుకుని నేల మీద ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. వాడి చెయ్యి పట్టుకుంటే అది చల్లగా ఉంది.

అంబులెన్సు దొరికి నగరంలో దవాఖానకు చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాళ్ల నాన్నకు నేనే ఫోన్ చేశాను. ఆక్సిజన్ పెట్టారు. "నిన్న తెచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు డాక్టరు. చీకటి పడకముందే పిల్లాడు పోయాడు.

వాళ్ల నాన్న బయట గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. వార్డెన్‌నూ, పెద్దసారునూ, మీటింగులో తలలూపినవాళ్లందరినీ ఆయన ముందే కడిగేయాలనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు ఆయన జేబులోంచి ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. పిల్లలకు హాజరు పడగానే తల్లిదండ్రులకు మా యూనివర్సిటీ నుంచి పోయే మెసేజ్ అది. నిన్నటిది. మీ అబ్బాయి క్లాసులో ఉన్నాడని ఉంది.

"ఫోన్ ఎత్తుతలేడని మనసు ఆగలె మేడమ్. కాలేజుకు వద్దామని నిన్న పొద్దుగాల బండి బయటికి తీసిన. అంతల ఇది వచ్చింది. క్లాసుల ఉన్నడు గద, నడుమల పోయి పిలగాన్ని ఎందుకు సతాయించాలె అనుకున్న" అన్నాడు. "మల్ల బండి లోపల పెట్టిన."