అక్క చక్రాల ఇల్లు

మేడ మీద గది చెల్లిది, అది బతికున్నన్నాళ్లూ అక్కణ్ణుంచి ఎవరూ కదపరు అని మా అక్క గురించి మా అన్నయ్య నాన్న మంచం పక్కన నిలబడి మాటిచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. నాన్న సంవత్సరీకం కాకముందే ఆ గది నిండా బట్టల బేళ్లు చేరాయి. ఆ మాట ఇచ్చిన గొంతే గత నెల ఒక పొద్దున నాకు ఫోన్ చేసి, "మీ అక్క పోయిందిరా. నిద్రలోనే. ఏం బాధ పడలేదు" అంది. ఫోన్ చేసే అలవాటు లేని మనిషి. బాధ పడలేదని ఈయనకెలా తెలుసు అన్నది నాకు మొదట వచ్చిన ఆలోచన. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పెద్దకర్మ రోజు ఫొటోతో ఒక కార్డు పంచారు. అన్నగారి అండన ప్రశాంత జీవనం గడిపిందని దాని మీద అచ్చు వేయించారు. మీలో కొందరు దాన్ని అందుకునే ఉంటారు. నమ్మకండి. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బనీ, చదివిన పుస్తకాలు దాన్ని ముదరబెట్టాయనీ మావాళ్లంటారు. కావచ్చు. కానీ అక్క సంగతిలో నేను అనుమానించిన వాటిలో తప్పయినవి తక్కువ.

పెళ్లయిన కొద్దికాలానికే బావ పోతే అక్క పుట్టింటికి వచ్చేసింది. వన్ టౌన్‌లో మా బట్టల కొట్లో జీవితమంతా చీరలు చూపించింది. గది పోయాక కొన్నాళ్లు నా ఇంట్లో, కొన్నాళ్లు మేనకోడలి ఇంట్లో ఉండేది. ఎక్కడికి వెళ్లినా పెట్టె పూర్తిగా సర్దుకునేది కాదు, పూర్తిగా విప్పేదీ కాదు. మా ఇంట్లో ఫ్యాన్ వేసుకోవాలన్నా మా ఆవిడ వంక చూసి వేసుకునేది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

ఒకరోజు ఆటోనగర్ రమ్మంది. బస్సు బాడీలు కట్టే షెడ్డు వెనక, పిచ్చిమొక్కల్లో ఒక పాత ట్రైలర్ బండి ఉంది. ఎప్పుడో ఏదో ఆనకట్ట పనికి వచ్చిన ఇంజనీర్లు కాపురముండటానికి తెప్పించుకున్నదట. గుండ్రటి మూలలు, అల్యూమినియం రేకు, లోపల కుళ్లిన చెక్క, ఎలకల వాసన. ఏ వాహనం వెనకైనా తగిలించి లాక్కుపోవచ్చు. దాన్ని కొనడానికి అక్క బంగారు గాజులు అప్పటికే అమ్మేసింది.

"ఇందులో ఉంటావా?" అన్నాను.

"ఇందులోనే ఉంటా."

"జనం నవ్వుతారే."

"నవ్వనీరా. తలుపు తీసి నవ్వితే కదా నాకు వినబడేది."

బండి బాగుచేయడానికి ఒప్పుకున్న షెడ్డు మేస్త్రీని నేను మొదటి రోజే అనుమానించాను. నవ్వు మొహం, పాన్ నోరు, ప్రతిదానికీ "అయిపోద్దండీ" అనే మనిషి. మా కొట్టును అద్దాల షోరూం చేసినప్పుడు పారేసిన టేకు అరలను అక్క దాచిపెట్టుకుంది. వాటితో మంచం, గోడ అల్మరాలు, మడిచే బల్ల చేయించింది. ఆ చెక్క మారుస్తాడేమోనని నేను రోజూ వెళ్లి కాపలా కూర్చునేవాణ్ణి. అక్క కొట్లోని ఇనుప గజం బద్దతో కొలతలు చెప్పేది.

"ముప్పావు గజం పెట్టు మేస్త్రీ."

"అమ్మగారూ, ఇది మంచమాండీ, జాకెట్టు గుడ్డా?"

"రెండిట్లోనూ నేనే కదయ్యా ఉండేది. బిగుతుగా చెయ్యకు."

నన్ను చూసి కూడా అతను నవ్వేవాడు. "సార్, మీరు ఇంటికెళ్లి పడుకోండి. మీ చెక్క ఎక్కడికీ పోదు." చెక్క మారలేదు. అప్పుడు నేను కాపలా కాయవలసిన మనిషి వేరే ఉన్నాడు.

కంకిపాడు దారిలో అక్క స్నేహితురాలికి జామతోట ఉంది. బోరు పక్కన బండి పెట్టుకోమంది ఆవిడ. ఇంతలో మా అన్నయ్య షెడ్డుకు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, "మన జాగా ఉండగా పరాయి తోటలో ఎందుకమ్మాయ్? ఊరి చివర స్థలం ఖాళీగానే ఉందిగా" అన్నాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడటం నేను అంతకుముందు ఒక్క నాన్న మంచం పక్కనే విన్నాను. అక్కను పక్కకు పిలిచి వద్దన్నాను.

"ఒరేయ్, ఇది చక్రాల మీదుంది. నచ్చకపోతే లాక్కుపోతాను. గదికి ఆ సుఖం లేకపోయింది."

ఆ స్థలానికి చుట్టూ ప్రహరీ, దక్షిణాన రోడ్డు మీదికి పెద్ద గేటు, తూర్పున కాలువ గట్టు. బండి తలుపు ఎడమ పక్కన ఉంది. అది తూర్పుకు రావాలంటే లాగే కొక్కెం దక్షిణానికి తిరగాలి. అలాగే వెనక్కి తోసి నిలబెట్టారు. గృహప్రవేశానికి అన్నయ్యే సిద్ధాంతి గారిని తీసుకొచ్చాడు. ఆయన కొక్కేన్ని చూసి మొహం చిట్లించారు.

"ఇల్లు యముడి దిక్కు చూస్తోందమ్మా."

"ఇల్లు తూర్పు చూస్తోందండీ. దక్షిణం చూసేది లాగే లారీ."

అందరం నవ్వాం. పాలు తూర్పుకే పొంగాలని మేస్త్రీ పడమటి చక్రం కింద ఇటుక పెట్టాడు. పాలు చక్కగా తూర్పుకే పొంగాయి. అక్క ముఖం ఆ రోజు చూడవలసింది. మాకు పరమాన్నం పెడుతూ, "మా ఇంట్లో మొహమాటపడకండి" అంది. మా ఇంట్లో అన్న మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు.

నెల తిరక్కుండానే అన్నయ్య మళ్లీ సిద్ధాంతి గారి మాట మోసుకొచ్చాడు. దక్షిణపు వాకిలి ఆడమనిషి ప్రాణానికి మంచిది కాదట. అక్క మేనకోడలి పురిటికి వెళ్లి వచ్చేసరికి దక్షిణపు గేటు ఉన్నచోట గోడ లేచింది. తూర్పున మనిషి మాత్రమే పట్టేంత చిన్న గేటు పెట్టించాడు, బండి పట్టదు. ఆమె మంచికేనట.

అక్క ఆ చిన్న గేటులోంచే వస్తూ పోతూ ఉండేది. ఒకసారి రైతుబజారు నుంచి వచ్చేసరికి అన్నయ్య, ఆయన స్నేహితులు ఆమె మంచం మీద కూర్చుని ఉన్నారు. బండిని వింతగా చూపిస్తున్నాడు. తాళం చెవి ఒకటి ఆయన చేయించుకున్నాడని అప్పుడు తెలిసింది. వాళ్లకు టీ ఇచ్చి పంపాక నాకు ఫోన్ చేసింది. "నేను తలుపు తీసి రమ్మంటే ఎంతమందైనా రావచ్చురా. తోటకు పోతాను. గోడ తీయించమని చెప్పు."

చెప్పాను. తీయిస్తానన్నాడు. ముందు ఆషాఢం అన్నాడు. తర్వాత మూఢం వచ్చింది. మూఢం పోయాక కోడలు కడుపుతో ఉంది, ఇంటివాళ్లు గోడ కదిలించకూడదన్నాడు. బిడ్డ పుట్టి, పాకి, నడిచింది. మళ్లీ ఏదో శూన్యమాసం. పంచాంగంలో ఇన్ని చెడ్డ రోజులుంటాయని నాకు తెలియదు. నేనే మనుషుల్ని పెట్టి కొట్టించేస్తానంటే అక్క ఒప్పుకోలేదు. "కట్టినవాడే తీయాలి. లేకపోతే నేను దొంగతనంగా పోయినట్టుంటుంది" అంది. ఆ పట్టుదల నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

చిన్నకర్మ మర్నాడు, ఇంకా మైలలో ఉండగానే, అన్నయ్య గోడ పడగొట్టించాడు. దానికి ముహూర్తం అక్కర్లేకపోయింది. బండిని టిఫిన్ హోటల్ పెట్టుకునేవాళ్లకు ఇచ్చేశాడట. ట్రాక్టర్‌తో వచ్చిన డ్రైవరు వంగి చక్రాలు తట్టి, "ఏళ్లతరబడి నిలబడ్డ బండన్నారు, టైర్లు చచ్చుంటాయనుకున్నానండీ. గాలి నిండుగా ఉంది. గ్రీజు కూడా కొత్తదే. ఎవరు చూసుకుంటున్నారండీ దీన్ని?" అన్నాడు.

అన్నయ్య కాలువ వైపు చూశాడు. నేను లోపలికి వెళ్లి మంచం కింద చూశాను. కాలితో తొక్కే గాలి పంపు, గ్రీజు డబ్బా, తుడుచుకునే పాత చీర ముక్క ఉన్నాయి. ఆ చీర ముక్క తెచ్చుకున్నాను.

ట్రాక్టర్‌కు తగిలించడానికి ఇద్దరు మనుషులు తోస్తే బండి చప్పుడు లేకుండా కదిలింది. విరిగిన గోడ మధ్య నుంచి రోడ్డెక్కింది. కిటికీలకు అక్క కుట్టిన కట్ పీసు తెరలు అలాగే ఊగుతున్నాయి.

మా బంధువులంతా గోడ కట్టమన్న సిద్ధాంతి గారిని తిడుతున్నారు. ఆయన దిక్కులు చూశాడు, సంభావన తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. లోపల ఎవరున్నారో తెలిసి గోడ కట్టించినవాడు మా అన్నయ్య.