మేడ మీది కెప్టెన్

ఆ సిరీస్ నాకు నచ్చదు. మా తోటపల్లి గూడూరులో ఈ మాట పైకి అనాలంటే కొంచెం ధైర్యం కావాలి. నెల్లూరు కాలేజీలకు పోయే పిల్లల ఫోన్ల వెనక ఆ అంతరిక్ష ఓడ బొమ్మే ఉంటుంది. కృష్ణపట్నం పోయే కంపెనీ బస్సులో పెద్దపెద్ద వాళ్ళు కూడా దాని గురించే వాదించుకుంటారని మా ఆయన చెప్పాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు ఒకమ్మాయి పట్టుచీర తెచ్చి, "అక్కా, దీనికి కెప్టెన్ కాలర్ పెట్టు" అని ఫోనులో ఆ ఓడ కెప్టెన్ ఫొటో చూపించింది. మెడ చుట్టూ నిటారుగా నిలబడే కాలరు, భుజాల మీద పట్టీలు. పట్టు మీద బాగుండదని చెప్పి చూశాను. వినలేదు, కుట్టిచ్చాను. అద్దం ముందు ఆ పిల్ల మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది.

ఆ మంట జాకెట్టు మీద కాదు. మా మేడ మీద.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద మా ఆయన, నేను, డిగ్రీ మొదటి సంవత్సరం చదివే మా పాప ఉంటాం. పైన మా ఆడబిడ్డ ఉంటుంది. మా ఆయనకు చెల్లెలు, పోర్టు పక్కన ఒక ఆఫీసులో ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడగడం చుట్టాలు కూడా మానేసి చాలాకాలమైంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ ఈమె ఏనాడూ నా మీద పెత్తనం చెయ్యలేదు. నా వంటకు వంక పెట్టలేదు. మనిషి చెడ్డదైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. మంచి మనిషి మీద కుళ్ళుకోవడమంత కష్టం ఇంకోటి లేదు.

ఇదివరకు ఆదివారాలు నావి. పాప నా మిషను పక్కన చాప వేసుకుని జాకెట్లకు హుక్కులు కుట్టేది. చేతిలో సూది ఆడుతుంటే నోట్లో వారం కబుర్లన్నీ దొర్లేవి. ఏ లెక్చరర్ ఎవర్ని తిట్టింది, బస్సులో ఎవరు ఎవరికి కర్చీఫ్ వేసి సీటు పట్టారు, ఎవరితో ఎవరికి మాటల్లేవు. నేను ఊ కొట్టేదాన్ని. హుక్కులు సగం వంకరగా వచ్చేవి, తర్వాత విప్పి నేనే మళ్ళీ కుట్టుకునేదాన్ని. ఆ సంగతి పాపకు చెప్పలేదు. చెబితే కుట్టడం మానేస్తుంది, కుట్టడం మానేస్తే కూర్చోవడం మానేస్తుంది.

మా ఆడబిడ్డ గోడంత టీవీ కొనుక్కుంది. ఒక ఆదివారం పాప, "అత్త పిలుస్తుండాది, ఒక్క ఎపిసోడ్ చూసొస్తానమా" అని పైకి పోయింది. ఆ తర్వాతి ఆదివారం చెప్పకుండానే పోయింది. నేను కింద మిషను తొక్కుతుంటే పైనుంచి ఇద్దరి నవ్వులు వినిపించేవి. ఏం మాట్లాడుకుంటున్నారోనని మిషను ఆపి చెవి పెట్టేదాన్ని. ఆపినప్పుడల్లా వాళ్ళూ ఆగినట్టుండేది. మళ్ళీ తొక్కితే మళ్ళీ నవ్వు. నా గురించే నవ్వుకుంటున్నారని కూడా అనుకున్నాను.

కిందికొచ్చాక పాప నాతో మాట్లాడకపోలేదు. మాట్లాడేది, కానీ ఆ ఓడ గురించే. భూమి పనికిరాకుండా పోతే కొంతమంది ఓడెక్కి ఇంకో నక్షత్రానికి పోతుంటారట. ఆ కెప్టెన్ ఆడమనిషి, తల సగం గొరిగించుకుని ఉంటుంది. ఆమెకు ఓడలోనే ఒక కూతురు. ఆ కెప్టెన్ ధైర్యం గురించి, ఆమె మాట తీరు గురించి చెబుతున్నప్పుడు మా పాప కళ్ళు వెలిగిపోయేవి. ఒకసారి, "అట్టాంటి అమ్మ ఉంటేనా..." అని మధ్యలో ఆపేసింది. ఆపేసినందుకు మెచ్చుకోవాలో, మొదలుపెట్టినందుకు చెంప వాయించాలో నాకు తెలియలేదు. ఇంట్లో అత్తొకతె చాలదన్నట్టు, ఎక్కడో ఆకాశంలో బోడితలది ఇంకొకతె తయారైంది.

సరే, ముల్లును ముల్లుతోనే తియ్యాలనుకున్నాను. వాళ్ళు వారానికి ఒక్క ఎపిసోడే చూస్తారు. నేను రోజూ మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయ్యాక దారం డబ్బాకు ఫోను ఆనించి చూడటం మొదలుపెట్టాను. తెలుగులోనే మాట్లాడతారు గానీ వార్తలు చదివినట్టు మాట్లాడతారు. కోపమొచ్చినా వార్తలే, ప్రేమొచ్చినా వార్తలే. ఎటు చూసినా నీలం వెలుతురు. అంత ఓడలో ఒక్కరు అన్నం వండరు, ఒక్కరు బట్టలుతకరు, ఎవరికీ జలుబు చెయ్యదు. గొట్టంలోంచి ఏదో పేస్టు నోట్లోకి పిండుకుని, "మనకు సమయం లేదు" అంటారు. వంటా వార్పూ లేనివాళ్ళకు సమయం ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. చూసినకొద్దీ చిరాకు పెరిగింది. అయినా ఒక్కటీ వదలకుండా ఆఖరుదాకా చూశాను. పరీక్షకు చదివే పిల్లలు కూడా అంత పట్టుదలగా చదివి ఉండరు.

ఇక్కడ మా పుట్టింటి సంగతి ఒకటి చెప్పాలి. మాది చిట్టమూరు వైపు. నా చిన్నతనంలో నాట్లప్పుడు, గూడూరు పోయి కొత్త సినిమా చూసొచ్చిన ఆడమనిషి ఎవరైనా ఉంటే ఆమెను వరసకు నడిమధ్యన నిలబెట్టేవాళ్ళు. ఆమె నాటుతూ సినిమా మొత్తం చెప్పాలి. పేర్లు పడటం దగ్గర్నించి చివర్లో ఎవరు చచ్చారో దాకా, పాటలతో సహా. మిగిలినవాళ్ళు నడుం నొప్పి మర్చిపోయి వినేవాళ్ళు. ఆ తర్వాత వీలు చూసుకుని వాళ్ళూ ఆ సినిమాకు పోయి, ఏడవాల్సిన చోటు రాకముందే కొంగు సిద్ధం చేసుకుని ఏడ్చేవాళ్ళు. కథ ముందే చెప్పడం మాకు తప్పు కాదు. సగం చెప్పి ఆపడం తప్పు. మా అమ్మ ఆ వరసలో పెద్ద కథకురాలు. ఆమె కూతుర్ని నేను.

అందుకే ఆ ఆదివారం అలసంద వడలు వేసి, పళ్ళెం పట్టుకుని ధీమాగా మెట్లెక్కాను. పాప సంబరపడింది.

"అమా, నువ్వు కూడా కూర్చో. బో బాగుండాది ఈ రోజు."

కూర్చున్నాను. పాప వాళ్ళత్త భుజానికి ఆనుకుని ఉంది. నేను ఇవతల కుర్చీలో, చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఉన్నాను. తెర మీద కెప్టెన్, ఆమె కూతురు ఏదో పోట్లాడుకుంటున్నారు. "పాపం ఆ పిల్ల, వాళ్ళమ్మను అర్థం చేసుకోలేదు" అంది పాప, అత్త వైపు తిరిగి. నా వైపు కాదు. ఇంక నా వల్ల కాలేదు. ఈ కథ మీ ఇద్దరికంటే నాకు ఎక్కువ తెలుసని చూపించాలనిపించింది.

"ఈ గొడవంతా ఆఖర్లో తేలతాదిలే" అని అందుకున్నాను. "ఓడకు చిల్లు పడతాది. ఎవురో ఒకరు అవతల గదిలో నిలబడి గాలి పోకుండా ఆపాల. కెప్టెనే నిలబడతాది. నడిమధ్య తలుపు మూస్తే మిగిలినోళ్ళు బతుకుతారు. ఆ తలుపు మూసేది ఎవురనుకున్నావు? ఈ కూతురే! వాళ్ళమ్మ అద్దంలోంచి చెయ్యి ఊపతా ఊపతా అట్నే..."

చెయ్యి ఊపి చూపించాను కూడా. మా అమ్మ గుర్తొచ్చింది, గొంతు అంత బాగా పలికింది.

పాప నోట్లో వడ అట్లాగే ఉండిపోయింది. నేను మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

"అమా! మొత్తం చెప్పేసినావే! ఎవురు చెప్పమన్నారు నిన్ను?"

"ఏమైందిప్పుడు? ఎట్టాగూ చూస్తారు గదా..."

"ఇంకేం చూసేది! అంతా పాడుచేసినావు!"

కళ్ళ నిండా నీళ్ళు. ధడధడా మెట్లు దిగిపోయి గది తలుపు వేసుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఏంటో నాకప్పుడు తెలిసింది. మా ఆడబిడ్డ టీవీ ఆపేసింది. ఆమె కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు. దాంతో నా కోపం నాకే తన్నుకొచ్చింది.

"నాకా సిరీస్ అంటేనే పడదు. మొదట్నించీ పడదు. చూడలేక చూడలేక చూసినా. ఆదివారమొస్తే మీరిద్దరూ ఈడ నవ్వుకుంటా ఉంటే కింద నేను ఒక్కదాన్నే ఆ మిషను తొక్కతా... నువ్వేమో పిల్లను పైకి లాక్కుంటివి."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఇన్నేళ్ళలో ఆమెను నేను అన్న పెద్ద మాట అదే.

ఆమె పళ్ళెంలో వడలు ఒక పక్కకు సర్దింది. సర్దిన వాటినే మళ్ళీ ఇంకో పక్కకు సర్దింది.

"ఆమె చచ్చిపోతాదని నాకూ తెలుసు వదినా. పోయినేడే మొత్తం చూసేసినా."

"మరి పాపతో కలిసి..."

"తెలీనట్టు చూస్తుండా. అది మొత్తం ఒకేసారి చూసేద్దామంటాది. నేనే వద్దని వారానికొకటి పెడతుండా. అయిపోతే మళ్ళా పైకెందుకొస్తాది?"

నేను కుర్చీ ఆమె వైపుకు తిప్పుకున్నాను.

"నన్నంటావు గానీ, నాకు నీ మీద ఎంత మంటో నీకు తెలుసా? ఈడ కూర్చోనుంటాది, కింద నీ మిషను ఆగిందంటే చాలు, అమ్మ లేచిందేమో, పిలస్తాదేమో అని మెట్ల కల్లా చూస్తాది. ఎపిసోడ్ అయిపోంగానే 'అమ్మకు చెప్పాల' అని ఒకటే పరుగు. నాకాడ నిలబడి ఒక్క మాట చెప్పి పోదు. నీకు వారమంతా ఉండాది వదినా. నాకు ఆ కాసేపే."

నిజం చెబుతాను. ఆ మాటలు విన్నప్పుడు ముందు నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. పాప మెట్ల వైపు చూస్తుందన్న మాటను లోపల రెండుసార్లు చెప్పుకున్నాను, మూడోసారి కూడా చెప్పుకున్నాను. ఆ తర్వాతే ఆమె ముఖం చూశాను. చూశాక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

కిందికి దిగి గది తలుపు తట్టాను. పాప ముసుగు తన్ని పడుకుని ఉంది. మంచం అంచున కూర్చున్నాను.

"నేను చెప్పిందంతా ఉత్తదేనే. ఉడికిద్దామని కల్పించి చెప్పినా."

ముసుగులోంచి ముఖం బయటికి వచ్చింది. "కెప్టెన్ చచ్చిపోదా?"

"ఏమో, నాకేం తెలుసు? నేను చూసింది మొదటి రెండు మూడే. అంతకుమించి ఎవురు చూస్తారు ఆ నీలం లైట్లను? నాకా సిరీస్ అంటేనే చిరాకు."

అబద్ధం నిలబడటానికి ఒక నిజం ఊతంగా పెట్టాను. పాప లేచి కూర్చుంది. నా ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత నవ్వింది.

"నిజంగా నచ్చలేదా నీకు?"

"నచ్చలేదు."

"ముందే చెప్పుండొచ్చు గదమా! నేనేమో పాపం అమ్మ ఒక్కతే ఉంటాదని దాని గురించే చెప్తా ఉంటి. నీకు విసుగని తెలిస్తే చెప్పేదాన్నే కాదు. ఇంక చెప్పనులే. పైకి రమ్మని కూడా పిలవను, సరేనా?"

ఎంతో ప్రేమగా అంది ఆ మాట. నాకు పెద్ద మేలు చేస్తున్నట్టు నా చెంప నిమిరింది. నచ్చిందే, చెప్పు, రోజూ చెప్పు అనాలనుంది. ఇప్పుడు ఎట్లా అనేది? పాప అప్పటికే చెప్పులు వేసుకుని, "అత్తా, అమ్మ ఊరికే చెప్పిందంటా!" అని అరుస్తూ మెట్లెక్కుతోంది. కాసేపటికి టీవీ మోత మొదలైంది.

నాలుగు వారాలుగా పాప మాట మీద నిలబడింది. ఆ ఓడ గురించి నా దగ్గర ఒక్క ముక్క ఎత్తడం లేదు. ఆదివారం పైకి పోతుంది, వస్తుంది, "ఏం కూరమా" అంటుంది. మా ఆడబిడ్డ మెట్ల దగ్గర కనబడితే తల వంచుకుని చిన్నగా నవ్వుతుంది. నేను చేసింది మంచి పనేనని ఆమె నవ్వు చెబుతుంది. మంచి పని చేసినా కడుపుమంట ఏమీ తగ్గలేదు.

అయినా ఎన్నాళ్ళులే. ఎంత మెల్లగా చూసినా ఆఖరు ఎపిసోడ్ రాకుండా పోదు. ఆ కెప్టెన్ చస్తుంది, మా పాప వాళ్ళత్తను పట్టుకుని ఏడుస్తుంది. ఏడుపు అయ్యాక నేను అబద్ధం చెప్పానని తెలుస్తుంది. అప్పుడు నాతో పోట్లాడటానికి కిందికి దిగి వస్తుంది. ఏ ఆదివారం వస్తుందా అని కాచుకుని ఉన్నాను.