తుమ్మినా ఆగని అత్తగారు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ సంగతి గొంతెత్తి చెప్పాలంటే నాకిప్పటికీ భయమే. ఈ పొద్దున్న మా మనవరాలు పరీక్షకని గడప దాటుతుంటే మా ఆయన తుమ్మారు. నేను గబగబా మంచినీళ్లు తెచ్చి, కూర్చుని తాగి వెళ్లమన్నాను. అది నవ్వింది, నవ్వుతూనే తాగింది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చేసరికి మా అత్తగారు కళ్ల ముందు నిలబడ్డారు.

అత్తగారిది ఊళ్లో పేరుపడ్డ నోరు. వీధి చివరికి కరివేపాకు కోసం వెళితే, పులుసు మరిగి చల్లారాక గాని వచ్చేవారు కాదు. ప్రతి అరుగూ ఆవిడకి ఒక స్టేషనే. శకునాల పట్టింపు అంతకు మించి. తుమ్ము వినబడిందా, వెనక్కి వచ్చి కూర్చుని నీళ్లు తాగాల్సిందే. అలా ఎన్ని అమలాపురం బస్సులు పోగొట్టుకున్నారో!

నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలం అది. తెల్లవారి పెరట్లో ముఖం కడుక్కుంటుంటే కొబ్బరితోటలో పొగమంచు కనిపించింది. ఎండాకాలంలో మంచేమిటి? అది పైకి లేవడం లేదు, నేలని పట్టుకుని వీధివైపు పాకుతోంది. కిరసనాయిలు లాంటి వాసన. తోటలోంచి పాము బుసలాంటి చప్పుడు, ఆగకుండా. తోట కింద గ్యాసు గొట్టం ఉందని అందరికీ తెలుసు. అది పగిలితే ఏమవుతుందో కూడా విని ఉన్నాం. "అత్తయ్యగారూ!" అని కేకేశాను.

అత్తగారు ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, మా పొయ్యిలో బిందెడు నీళ్లు గుమ్మరించారు. "అమ్మాయ్, చెవిటి పెద్దమ్మ!" అన్నారు. అంతే. ఆ ముసలావిడ వరసకి అత్తగారికి పెద్దమ్మ. తోటని ఆనుకున్న చివరి ఇంట్లో ఒక్కర్తీ ఉండేది. ఎండ అరుగు మీదకి దిగగానే పొయ్యి రాజేసేది. కేకలేస్తే వినబడదు. ఎండ అప్పటికే గోడల మీద సగానికి దిగింది.

గుమ్మం దాటుతుండగా మామగారు తుమ్మారు. పడిశం పట్టిన మనిషి, వాసన తెలియలేదు పాపం. పైగా "ఎక్కడికే? ఆగి వెళ్లు" అని వెనక నుంచి పిలిచారు కూడా. అత్తగారు ఆగలేదు. "గ్యాసు! కాలవ అవతలి గట్టుకి పొండి. చుట్ట వెలిగించేరంటే నా మీదొట్టే" అంటూ నడిచారు. ఒంటరిగా ఉండడం కంటే ఆవిడ వెనక పోవడమే నయమనిపించి నేనూ పరిగెత్తాను.

"వదినగారూ, పనసపండు కోసేనండీ, తొనలు పట్టుకెళ్లండి" అంది మూడో ఇంటావిడ. పనసతొనంటే అత్తగారికి ప్రాణం. "గ్యాసు! పొయ్యి ఆర్పు, గట్టుకి పో" అన్నారు. ఎదురింట్లో అత్తగారి తోటికోడలు. వాళ్లిద్దరికీ ఏడాదిగా కోళ్ల తగువు. "ఏం అక్కగారూ, ఇవాళ మాటలు నిండుకున్నాయా? మొన్నటిదానికి జవాబు చెప్పి కదలండి" అని అడ్డం నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. అత్తగారు ఆవిడని పక్కకి జరిపారు. మళ్లీ అదే మాట: "గ్యాసు! పొయ్యి ఆర్పు, గట్టుకి పో." వెనక తలుపుల చప్పుడు, పిల్లల ఏడుపు. అత్తగారు తల తిప్పలేదు. చూపంతా ఎండ మీదే. ఎండ అప్పుడే అరుగుల అంచు తాకుతోంది.

పెద్దమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఎండుమట్టలు పేర్చేసింది. చేతిలో అగ్గిపుల్ల. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారి, "రా తల్లీ, కాఫీ పెడతానుండు" అంటూ పుల్లని పెట్టెకి ఆనించింది.

అత్తగారు పుల్లనీ పెట్టెనీ ఆవిడ వేళ్లనీ కలిపి గుప్పిట పట్టేశారు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పొయ్యి నిండా నీళ్లు, పెద్దమ్మ నోటి నిండా తిట్లు. "నీ చెయ్యిరగ! నా పొయ్యిలో నీళ్లు పోస్తావుటే!" అని గట్టు చేరేదాకా తిడుతూనే ఉంది.

మధ్యాహ్నానికి ఎవరో వచ్చి గొట్టంలో గ్యాసు కట్టేశారు. సాయంత్రం ఇల్లు చేరాక అత్తగారు గడప పక్కన కూలబడ్డారు. "మంచినీళ్లియ్యవే" అన్నారు. ఇచ్చాను. "పొద్దున్న మీ మావయ్యగారు తుమ్మేరు కదా, దానికి" అని తాగారు. గ్లాసు పళ్లకి తగిలి టకటకలాడింది.

తుమ్ము సాయంత్రం దాకా ఆగుతుంది, అగ్గిపుల్ల ఆగదు. ఏది ఆగుతుందో ఏది ఆగదో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, ఆవిడకి ఒక్క ఊపిరి చాలింది. మీ ఇంట పొయ్యి వేళకి వెలిగి వేళకి ఆరాలి తల్లీ, బయలుదేరిన వాళ్లంతా చల్లగా ఇల్లు చేరాలి.